46 మంది పిల్లల స్కూల్లో శాతాలు ఏం చెప్తాయి, ఏం చెప్పవు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీవారు డాక్టరు. జే-1 వెయివర్ (శిక్షణ వీసా మీద వచ్చిన డాక్టర్లకు, స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న నిబంధన నుంచి ఇచ్చే మినహాయింపు) మీద మూడేళ్లు అమెరికాలో ఒక మారుమూల ఊరి ఆసుపత్రిలో పనిచేయాలి. ఆ ఊళ్లో కిండర్‌గార్టెన్ నుంచి 8వ గ్రేడు దాకా ఉన్న పబ్లిక్ స్కూలు ఒక్కటే, అందులో మొత్తం 46 మంది పిల్లలు. ఇంటర్నెట్‌లో రేటింగు 10కి 3. పాసైనవాళ్లు లెక్కల్లో "21–39 శాతం", రీడింగులో "40–59 శాతం" అని ఉంది, గ్రేడులవారీ గడులు చాలావరకు ఖాళీ. ఫ్రీ లంచ్ 100 శాతం, మైనారిటీ (తెల్లవారు కాని) పిల్లలు 26 శాతం, ఆసియన్లు సున్నా. మీ అమ్మాయి 4వ గ్రేడులో, బాబు కిండర్‌గార్టెన్‌లో చేరాలి. ఆ ఊళ్లోనే ఉండాలా, లేక 50 మైళ్ల దూరంలోని సిటీలో ఇల్లు తీసుకుని మీవారు రోజూ తిరగాలా అని అడిగారు.

నేను తొమ్మిదేళ్లు మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ తర్వాత పన్నెండేళ్లు స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ) ఆఫీసులో కూర్చుని సరిగ్గా ఇలాంటి చిన్న స్కూళ్ల ఫలితాల పట్టికలే తయారుచేశాను. అందుకని ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఆ 3 అనే రేటింగు చూసి ఇల్లు ఎక్కడో నిర్ణయించుకోకండి. స్కూలు గొప్పదని నేను అనడం లేదు, దాని సంగతి నాకు తెలియదు. ఆ రేటింగు ఇచ్చినవాళ్లకూ తెలిసే వీలు లేదు.

ముందు ఆ "21–39" సంగతి. అది స్కూలు దాచిపెట్టిన అంకె కాదు. పిల్లల వివరాలు బయటపడకుండా ఫెడరల్ విద్యాశాఖ తన డేటాను కావాలనే మసక చేసి విడుదల చేస్తుంది. పరీక్ష రాసినవాళ్లు 5గురు లేదా అంతకంటే తక్కువైతే గడి పూర్తిగా మూసేస్తారు. 6 నుంచి 15 మంది ఉంటే "50 కంటే తక్కువ" లేదా "50, ఆపైన" అని మాత్రమే చెప్తారు. 16 నుంచి 30 మంది ఉంటే ఇరవయ్యేసి శాతాల పరిధి ఇస్తారు, 31 నుంచి 60 మంది ఉంటే పదేసి శాతాలది. 300 దాటితేనే అసలు శాతం కనిపిస్తుంది. కాబట్టి మీరు చూసిన పరిధిని బట్టే ఆ స్కూల్లో పరీక్ష రాసినవాళ్లు 16 నుంచి 30 మంది మధ్య ఉన్నారని తెలుస్తోంది. 46 మందిలో 3 నుంచి 8వ గ్రేడు వరకే ఏటా రీడింగు, లెక్కల పరీక్షలు ఉంటాయి (2015లో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ ప్రకారం) కనుక ఆ లెక్క సరిపోతుంది.

28 మంది రాశారనుకుందాం. రీడింగులో "40–59 శాతం" అంటే 12 నుంచి 16 మంది దాకా పాసు గీత దాటారని. లెక్కల్లో 6 నుంచి 11 మంది. ఈ పరిధిని ఎక్కడో ఒకచోట ఒకే అంకెగా మార్చకుండా 10కి ఇంత అని రేటింగు ఇవ్వడం కుదరదు. 12 మంది పాసైన స్కూలు, 16 మంది పాసైన స్కూలు ఒకటే ఎలా అవుతాయి? ఆ నలుగురు పిల్లలూ అక్కడే మాయమైపోయారు.

గ్రేడులవారీ గడులు ఎందుకు ఖాళీయో కూడా ఇప్పుడు అర్థమై ఉంటుంది. గ్రేడుకు ఐదుగురే. 5వ గ్రేడులో ఐదుగురిలో ఒక్కరే పాసయ్యారని రాస్తే ఊళ్లో ప్రతి ఇంటికీ ఆ ఒక్కరెవరో తెలిసిపోతుంది. కొన్నిసార్లు ఎక్కువమంది ఉన్న గడి కూడా మూసి ఉంటుంది. మొత్తంలోంచి దాన్ని తీసేస్తే దాచిన గడి బయటపడుతుంది కాబట్టి దానికి తోడుగా దీన్నీ మూస్తారు. ఖాళీ గడి చూసి "ఏదో దాస్తున్నారు" అని భయపడే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. అక్కడ దాచింది పిల్లల పేర్లనే.

ఒక్క గమనిక. మీ రాష్ట్ర విద్యాశాఖ సొంత రిపోర్టు కార్డు వేరుగా ఉంటుంది. కనీసం ఎంతమంది ఉంటే ఫలితం ప్రకటించాలో ఏ రాష్ట్రానికారాష్ట్రం నిర్ణయించుకుంటుంది. 10 మంది ఉంటే చాలనే రాష్ట్రాల్లో మీకు అసలు శాతమే దొరకవచ్చు. అది వెతకండి. దొరికాక కూడా దాన్ని శాతంగా చదవకండి, తలలుగా మార్చి చదవండి.

ఎందుకో చెప్తాను. నేను పట్టికలు వేసిన ఒక స్కూల్లో ఒక ఏడాది 21 మంది లెక్కల పరీక్ష రాస్తే 13 మంది గీత దాటారు, 62 శాతం. మరుసటి ఏడాది కూడా 21 మందే రాశారు, దాటింది 8 మంది, 38 శాతం. "లెక్కల్లో 24 పాయింట్లు పడిపోయిన స్కూలు" అని ఊరంతా మాట్లాడుకున్నారు. బోర్డు మీటింగులో లెక్కల టీచరును నిలబెట్టి అడిగారు. నేను ఆ రాత్రి పేర్ల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ సరిచూశాను. 8వ గ్రేడు ముగించుకుని హైస్కూలుకు వెళ్లిపోయిన ఐదుగురూ పాసైనవాళ్లే. వాళ్ల స్థానంలో కొత్తగా లెక్కలోకి వచ్చిన ఐదుగురిలో పాసైంది ఒక్కరే, అందులో ఇద్దరు వేరే ఊరినుంచి చలికాలంలో వచ్చి చేరినవాళ్లు. రెండేళ్లూ అక్కడే చదివిన 16 మందిలో మొదటి ఏడు పాసైంది 8 మంది, రెండో ఏడు 7గురు. ఆ తగ్గిన ఒక్కరు కూడా ఒక్క ప్రశ్న తేడాతో గీత కిందకు పోయిన పిల్లవాడు. టీచరు దగ్గర చదువుకున్న పిల్లల్లో జరిగిన మార్పంతా ఆ ఒక్క ప్రశ్న. నేను ఆ జాబితా పట్టుకెళ్లి చెప్పేసరికి ఆలస్యమైంది. ఆవిడ ఆ వేసవిలో ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. ఆవిడంత శ్రద్ధగా భిన్నాలు చెప్పే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

దీని వెనక ఉన్న లెక్క పాతదే. నాణెం 10 సార్లు ఎగరేస్తే 7 బొమ్మలు పడటం మామూలే, 1000 సార్లు ఎగరేస్తే 700 పడవు. గుంపు చిన్నదయ్యేకొద్దీ సగటు ఊగిసలాట పెరుగుతుందని 18వ శతాబ్దంలోనే డి మోవ్రా అనే గణితవేత్త లెక్కకట్టాడు. మీ స్కూలుకు వర్తింపజేస్తే, అక్కడి పిల్లల్లో సగంమందికి నిజంగా ఆ స్థాయి ఉందనుకున్నా, 28 మంది రాసినప్పుడు ఫలితం 31 శాతం నుంచి 69 శాతం దాకా ఎక్కడైనా తేలవచ్చు. టీచర్లు మారక్కర్లేదు, పుస్తకాలు మారక్కర్లేదు. 400 మంది రాసే సిటీ స్కూల్లో అదే ఊగిసలాట 45 నుంచి 55 మధ్యకు కుదించుకుపోతుంది. అందుకే సిటీ స్కూలు రేటింగునూ ఈ స్కూలు రేటింగునూ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

ఈ పొరపాటు పెద్దపెద్దవాళ్లే చేశారు. మంచి ఫలితాలున్న స్కూళ్ల జాబితాల్లో పైన చిన్న స్కూళ్లు ఎక్కువగా కనిపించేవి. చిన్న స్కూలైతే పిల్లలు బాగా చదువుతారన్న నమ్మకంతో 2000ల మొదట్లో గేట్స్ ఫౌండేషన్ పెద్ద హైస్కూళ్లను చిన్నవిగా విడగొట్టే పనికి చాలా పెద్ద మొత్తాలు పెట్టింది. హవార్డ్ వేనర్ అనే గణాంకశాస్త్రవేత్త పెన్సిల్వేనియా స్కూళ్ల డేటా తీసి, జాబితా అడుగున కూడా చిన్న స్కూళ్లే గుంపుగా ఉన్నాయని చూపించాడు. పైనా వాళ్లే, కిందా వాళ్లే. ఆ ప్రయత్నంలో చాలా స్కూళ్లలో ఫలితాలు పెద్దగా మెరుగుపడలేదని 2009 నాటి తన వార్షిక లేఖలో బిల్ గేట్సే రాశారు. చిన్న స్కూలు అన్నంత మాత్రాన మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం.

మూడేళ్ల ఫలితాలు కలిపి చూస్తే నయం కదా అంటారు. నయమే, మీరు అనుకున్నంత కాదు. 28 చొప్పున మూడేళ్లకు 84 ఫలితాలు వస్తాయి కానీ 84 మంది పిల్లలు రారు. ఈ ఏడు 3వ గ్రేడులో రాసినవాడే వచ్చే ఏడు 4లోనూ రాస్తాడు. పైగా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎక్కువ. 46 మంది అంటే పాతిక, ముప్పై ఇళ్లు. 2020 వసంతంలో కోవిడ్ వల్ల పరీక్షలే జరగలేదు, ఆ తర్వాతి ఏడాది చాలాచోట్ల హాజరు తక్కువ, కాబట్టి పాత ఫలితాలు వెతికేటప్పుడు ఆ ఏళ్లు తీసి చూడండి.

హాజరు మాట వచ్చింది కాబట్టి మన కుటుంబాలకు తప్పక చెప్పాల్సిన సంగతి ఒకటుంది. స్కూలు పనిదినాల్లో 10 శాతం రాకపోతే, కారణం ఏదైనా, ఆ బిడ్డను "క్రానిక్ ఆబ్సెంట్" కింద లెక్కేస్తారు. 180 రోజుల స్కూల్లో అది 18 రోజులు. జనవరిలో ఇంట్లో పెళ్లికి నాలుగు వారాలు ఇండియా వెళ్లొస్తే అంతే. వెయ్యిమంది స్కూల్లో అది ఎవరి కంటా పడదు. ఈ స్కూల్లో మీ ఇద్దరు పిల్లలే దాదాపు 4 శాతం అవుతారు. పరీక్షల విషయంలోనూ ఇంతే, 95 శాతం మంది రాయాలి. 28 మందిలో ఇద్దరు జ్వరంతో పడుకుంటే 93కి పడిపోతుంది. టికెట్లు వేసవిలో తీసుకోండి.

ఇక పిల్లల వివరాల పట్టిక. ఇది చదవడంలోనే మనవాళ్లు ఎక్కువ తప్పు చేస్తారు, కొన్నిసార్లు మనసులో ఒక భయం పెట్టుకుని చదువుతారు కూడా.

ఫ్రీ లంచ్ 100 శాతం అంటే ఊరంతా నిరుపేదలని కాదు. విడిగా దరఖాస్తు పెట్టుకునే పద్ధతిలో, పేదరికపు గీతకు 130 శాతం లోపు ఆదాయం ఉంటే భోజనం ఉచితం, 185 శాతం లోపు ఉంటే తక్కువ ధర. కానీ 2010 చట్టంతో వచ్చి, 2014 నుంచి దేశమంతటా అమలైన కమ్యూనిటీ ఎలిజిబిలిటీ ప్రొవిజన్ కింద, ఆహార సహాయం వంటి పథకాల ద్వారా నేరుగా గుర్తించిన పిల్లలు ఒక స్థాయి దాటితే స్కూలు మొత్తానికీ ఉచితంగా పెట్టవచ్చు. ఆ స్థాయి మొదట 40 శాతం, 2023లో 25 శాతానికి తగ్గించారు. అప్పటినుంచి ఇంకా చాలా స్కూళ్లు ఇందులో చేరాయి. చేరిన స్కూలుకు కొన్ని పట్టికల్లో 100 అని పడిపోతుంది. డాక్టరుగారి పిల్లలుగా మీవాళ్లూ ఆ 100లోనే ఉంటారు. అసలు సంగతి తెలియాలంటే "నేరుగా గుర్తించిన పిల్లల శాతం ఎంత" అని స్కూలు ఆఫీసులో అడగండి.

పేదరికం ఎక్కువుంటే సగటు మార్కులు తగ్గడం నిజమే. అయితే స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశమంతటి టెస్టు ఫలితాలు పేర్చి చూసినప్పుడు, సగటు మార్కులకు కుటుంబాల ఆర్థిక స్థితితో గట్టి సంబంధం కనిపించింది, ఏడాదికేడాది పిల్లలు ఎంత నేర్చుకుంటున్నారన్నదానికి మాత్రం ఆ సంబంధం చాలా బలహీనంగా ఉంది. మార్కుల సగటు పిల్లలు ఏ ఇళ్లనుంచి వచ్చారో ఎక్కువ చెప్తుంది. బడి ఏం చేసిందో చెప్పేది పెరుగుదల. పైగా "ప్రొఫిషియెంట్" అన్న పాసు గీతను ఏ రాష్ట్రం ఎక్కడ గీసుకుంటే అక్కడే, రెండు రాష్ట్రాల శాతాలను పోల్చకండి.

26 శాతం మైనారిటీ అంటే 12 మంది పిల్లలు. నా అనుభవంలో అది నాలుగైదు కుటుంబాలు. ముగ్గురు పిల్లలున్న ఒక కుటుంబం ఊరు మారితే ఆ శాతం ఒక్కసారిగా ఐదు పాయింట్లు పడిపోతుంది. ఈ తలల లెక్క అక్టోబరు 1 ప్రాంతంలో తీస్తారు. పంట కోతలకు వచ్చి నవంబరులో వెళ్లిపోయే కుటుంబాలుంటే, పట్టికలో ఉన్న పిల్లలు వసంతంలో పరీక్ష రాసే పిల్లలు కారు. ఈ రెంటినీ కలిపి "ఈ వర్గం పిల్లలు ఇక్కడ వెనకబడ్డారు" అని ఎవరైనా రాస్తే నమ్మకండి.

ఆసియన్ గడిలో సున్నా చూసి మీరు బెంగపడ్డారు. మీ పిల్లలిద్దరూ చేరితే అక్కడ ఇద్దరని పడుతుంది, వాళ్ల మార్కులు మాత్రం ఎవరికీ కనిపించవు. చేర్చేటప్పుడు ఇంటి భాష గురించి ఒక కాగితం నింపమంటారు. తెలుగు అని నిజమే రాయండి. చాలామంది పిల్లలను వెనక కూర్చోబెడతారేమోనని ఇంగ్లీషు అని రాసేస్తారు. తెలుగు అని రాస్తే స్కూలు మొదలైన 30 రోజుల్లోపు చిన్న ఇంగ్లీషు పరీక్ష పెట్టి మీకు చెప్తారు, భాష వచ్చినట్టు తేలితే అక్కడితో సరి. బాబుకు కిండర్‌గార్టెన్‌లో నిజంగా సాయం అవసరమైతే అది దొరికే దారి ఇదే. తోటి తెలుగు పిల్లలు లేకపోవడం మీ అమ్మాయికి మొదటి కొన్ని నెలలు కష్టంగానే ఉంటుంది, అది నేను తక్కువ చేయను. గ్రేడుకు ఐదుగురున్న చోట ఆ ఐదుగురిలో ఒక్క స్నేహితురాలు కుదరడం కుదరకపోవడం పెద్ద విషయం. అది ఏ పట్టికలోనూ ఉండదు.

టీచరుకు 9 మంది పిల్లలన్న నిష్పత్తి చూసి మాత్రం మురిసిపోకండి. అందులో వారానికి రెండురోజులు వచ్చే మ్యూజిక్ టీచరు భాగం, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు భాగం కూడా కలిసి ఉంటాయి. అసలు గదిలో మూడు గ్రేడులు కలిపి ఒకే టీచరు దగ్గర 15 మంది ఉండొచ్చు.

అసలు చూడాల్సింది ఈ గదినే. 1929–30లో ఈ దేశంలో ఒకే టీచరున్న పబ్లిక్ స్కూళ్లు దాదాపు లక్షన్నర ఉండేవి. ఇప్పుడు కొన్ని వందలు మిగిలాయి. మీది అంత చిన్నది కాకపోయినా పద్ధతి అదే. మీ అమ్మాయికి 4, 5 గ్రేడుల్లో, కొన్నిచోట్ల 6లో కూడా ఒకే టీచరు ఉంటారు. మంచి టీచరైతే పిల్ల ఎక్కడ తడబడుతుందో రెండో నెలకల్లా తెలుసుకుని రెండుమూడేళ్లు చేయి వదలకుండా నడిపిస్తారు. 4వ గ్రేడు పిల్ల పక్క బల్ల మీద 6వ గ్రేడువాళ్ల లెక్కలు వింటూ ముందుకు దూసుకుపోవడం నేను కళ్లారా చూశాను. టీచరు బలహీనమైతే అవే మూడేళ్లు నష్టం, పెద్ద స్కూల్లోలాగా "వచ్చే ఏడు వేరే సెక్షన్" అనే అవకాశం లేదు. స్కూలు బాగోగులన్నీ ముగ్గురు నలుగురు మనుషుల మీద ఆధారపడి ఉంటాయి. కాబట్టి ఆ మనుషులను కలవండి.

ఇల్లు ఖాయం చేసేలోపు, బడి నడుస్తున్న రోజున ఒక పూట వెళ్లండి. టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారో, ఈ వేసవిలో ఎవరైనా వెళ్లిపోతున్నారో అడగండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. మ్యాప్ (MAP, పిల్లల పెరుగుదలను కొలిచే పరీక్ష) లాంటి పరీక్షలు ఏడాదిలో రెండుమూడుసార్లు పెడుతున్నారా, పిల్లల పెరుగుదల ఎలా ఉందో పేర్లు లేకుండా చెప్పగలరా అని ప్రిన్సిపల్‌ను అడగండి. "4వ గ్రేడు పిల్ల 5వ గ్రేడు లెక్కలకు సిద్ధంగా ఉంటే ఏం చేస్తారు?" అని అడిగి, జవాబులో నిజంగా ఫలానా పిల్లకు ఫలానాది చేశామన్న ఉదాహరణ ఉందో లేదో వినండి. ఇక్కడినుంచి వెళ్లినవాళ్లు హైస్కూలు మొదటి ఏడాదిలో ఏ లెక్కల క్లాసులో పడుతున్నారో అడిగితే ఇక్కడి తొమ్మిదేళ్ల చదువు ఎలా ఉందో ఒక్క మాటలో తేలిపోతుంది. కొలరాడో, మిసోరి, మొంటానా, ఒరెగాన్ లాంటి రాష్ట్రాల్లో చాలా గ్రామీణ డిస్ట్రిక్టులు వారానికి నాలుగు రోజులే బడి నడుపుతున్నాయి, మీదీ అలాంటిదైతే ఐదోరోజు బాబును ఎవరు చూస్తారో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నాను. టీచర్లు నిలకడగా ఉండి, ఆ మూడు నాలుగు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు వస్తే, ఊళ్లోనే ఉండండి. రోజూ 100 మైళ్లు తిరిగే తండ్రి పిల్లలకు వారంలో ఐదు రోజులు కనబడడు, మంచు కురిసే ఊరైతే ఆ దారి ఇంకా భయం. 4 నుంచి 6వ గ్రేడు దాకా మీ అమ్మాయికి కావలసిన చదువు అక్కడ దొరుకుతుంది. తనను ఎరిగిన టీచరు ఉండటం దానికి పెద్ద అండ. అదే 8వ గ్రేడుకు వస్తుంటే, ఆల్జీబ్రా చెప్పేవాళ్లు లేరంటే, సిటీ వైపే చూడమనేదాన్ని. అలాగే 3 నుంచి 5 గ్రేడులు చెప్పే టీచరు స్థానం ఏప్రిల్ దాటాక కూడా ఖాళీగా ఉందంటే నా సలహా మారుతుంది, ఇంత మారుమూలకు మంచి మనిషి ఆగస్టులో దొరకడం కష్టం.

మీరు వెళ్లొచ్చాక ప్రిన్సిపల్ ఏమన్నారో ఇక్కడే రాయండి. మ్యాప్ రిపోర్టు కాగితం ఏదైనా ఇస్తే పిల్లల పేర్లు, స్కూలు పేరు కొట్టేసి పెట్టండి, అందులో ఏ గడి చూడాలో చెప్తాను.